ఆ పంక్తిలో మనకి విస్తరి లేదు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళలో, ముఖ్యంగా మా టెక్సస్‌లో, ఒక వాదన ఈ పదేళ్ళలో బాగా వేళ్ళూనుకుంది. ఇక్కడి క్రైస్తవ మతవాద రాజకీయులు అచ్చం మనలాంటివాళ్ళేనట. దేవుడంటే భయం, కుటుంబం అంటే గౌరవం, పిల్లలు పెద్దల మాట వినాలన్న పట్టుదల, అన్నీ మనవేనట. అటుపక్క డెమోక్రాట్లకి దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. కాబట్టి మన గుడి చల్లగా ఉండాలంటే వాళ్ళ చర్చి బలంగా ఉండాలి. మతం ఏదైతేనేం, భక్తులంతా ఒక జట్టు.

ఈ మాట అనేవాళ్ళు అమాయకులేం కాదు. డాక్టర్లు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు, సొంత వ్యాపారాలున్నవాళ్ళు. ఇల్లు కొనేటప్పుడు కాగితాల్లో ప్రతి పేజీ చదివి, అనుమానం వస్తే లాయర్‌కి చూపించి, అప్పుడు సంతకం పెట్టేవాళ్ళు. అలాంటివాళ్ళు ఈ ఒక్క కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెడుతున్నారన్నది నా ఫిర్యాదు. చదవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు కూడా. ఆ కూటమి చరిత్రలో మంచి భాగం మనం రోజూ కారేసుకుని తిరిగే డాలస్‌లోనే నడిచింది.

ఇంకోపక్క నా ఉదారవాద మిత్రులున్నారు. "పరిణామ సిద్ధాంతం కూడా నమ్మని మనుషులు, వీళ్ళ గురించి చదివేదేముంది?" అని తీసిపారేస్తారు. ఇది ఇంకా పెద్ద బద్ధకం. 1973లో రో వర్సెస్ వేడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును గుర్తించింది. 2022 జూన్ 24న డాబ్స్ కేసులో అదే కోర్టు దాన్ని కొట్టేసింది. నడుమ 49 ఏళ్ళు. స్కూల్ బోర్డులు, పార్టీ వార్డు కమిటీలు, రాష్ట్ర శాసనసభలు, చివరికి జడ్జీల నియామకాలు, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. ఇది మూఢులు చేయగలిగిన పని కాదు. నేను పనిచేసే రంగంలో 49 వారాలు ఒకే లక్ష్యాన్ని పట్టుకుని నిలబడ్డ టీముని నేనింకా చూడలేదు.

1980 ఆగస్టు సంగతి చెప్తాను. డాలస్‌లో రీయూనియన్ ఎరీనా అని ఒక పెద్ద స్టేడియం ఉండేది, 2009లో కూల్చేశారు. అక్కడ 'నేషనల్ అఫైర్స్ బ్రీఫింగ్' పేరుతో ఒక సభ జరిగింది. పేరు వింటే ఏదో ప్రభుత్వ శాఖవారి సమావేశంలా ఉంటుంది గానీ, వచ్చినవాళ్ళు పాస్టర్లు, చర్చి కార్యకర్తలు, దాదాపు 15,000 మంది. ముఖ్య అతిథి రోనాల్డ్ రీగన్, అప్పటికి రిపబ్లికన్ అభ్యర్థి. ఇది ఏ పార్టీకీ చెందని సభ కాబట్టి మీరు నన్ను బలపరచలేరు, కానీ నేను మిమ్మల్ని బలపరుస్తున్నాను, అన్నాడాయన. హాలు హోరెత్తిపోయింది. అమెరికా మతవాద రాజకీయాల గురించి రాసిన ఏ పుస్తకంలో చూసినా ఈ ఘట్టం ఉంటుంది. మనవాళ్ళలో కాస్త చదివినవాళ్ళు కూడా ఇంతవరకూ చెప్తారు.

అదే సభలో ఇంకో రెండు మాటలు దొర్లాయి. వాటిని మాత్రం చెప్పరు.

ఒకటి పాల్ వైరిక్ అన్నది. హెరిటేజ్ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకడు, ఈ కూటమి మొత్తానికీ సూత్రధారి. అందరూ ఓటు వేయాలని తాను కోరుకోవడం లేదని, వేసేవాళ్ళ సంఖ్య తగ్గినకొద్దీ ఎన్నికల్లో తమ పట్టు పెరుగుతుందని ఆ వేదిక మీద నిర్మొహమాటంగా చెప్పాడు. రెండోది బెయిలీ స్మిత్ అన్నది. అప్పటికి ఆయన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అధ్యక్షుడు, అంటే అమెరికాలోకెల్లా పెద్ద ప్రొటెస్టంట్ సంఘానికి పెద్ద. యూదుడు చేసే ప్రార్థనని దేవుడు ఆలకించడు అన్నాడు.

ఒక్క నిమిషం దీని దగ్గర ఆగుదాం. యూదులంటే ఎవరు? ఏసు పుట్టిన జాతి. బైబిల్లో పాత నిబంధన మొత్తం వాళ్ళదే. విగ్రహం లేదు, బహుదేవతారాధన లేదు, పది ఆజ్ఞలు మొదట దిగింది వాళ్ళకే. అలాంటి పొరుగువాడి ప్రార్థనే పైకి చేరదని, కాబోయే అధ్యక్షుడు మాట్లాడిన వేదిక మీదే అన్నారు. ఇక మనం అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం మోగకుండా కిటికీలు తీసి చేసుకునే సత్యనారాయణ వ్రతం ఆ లెక్కలో ఎక్కడుంటుంది? "భక్తులంతా ఒక జట్టు" అనే మాట ఆ సభలో ఉన్న ఎవరికైనా చెప్పి చూస్తే నవ్వి ఊరుకునేవారు.

ఈ కూటమి ఎలా పుట్టింది అని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు, గర్భస్రావం తీర్పు మీద భక్తుల మనసు రగిలి పుట్టింది అని. తేదీలు చూస్తే ఇది నిలబడదు. 1971లో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ సెయింట్ లూయిస్‌లో కలిసి చేసిన తీర్మానం ఇప్పుడు చదివితే కళ్ళు నులుముకోవాలి. అత్యాచారం, దగ్గరి రక్తసంబంధం, పిండంలో తీవ్రమైన లోపం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని, ఇలాంటి సందర్భాల్లో గర్భస్రావానికి వీలిచ్చే చట్టాలు రావాలని ఆ తీర్మానం. రో తీర్పు వచ్చినప్పుడు డాలస్ ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ డబ్ల్యూ. ఏ. క్రిస్వెల్ అది సబబుగానే ఉందన్నాడు; బిడ్డ పుట్టి తల్లినుంచి వేరుపడ్డాకే ఒక వ్యక్తి అవుతుందని తాను ఎప్పుడూ అనుకునేవాణ్ణని చెప్పాడు. ఆయన దారిన పోయే దానయ్య కాదు, అదే కన్వెన్షన్‌కి అంతకుముందు అధ్యక్షుడు. అప్పట్లో గర్భస్రావాన్ని గట్టిగా ఎదిరించింది కేథలిక్కులు. బాప్టిస్టుల్లో చాలామందికి అది 'వాళ్ళ గొడవ'.

మరి ఏం రగిలింది? బడి. ఇంకా చెప్పాలంటే, బడికి పన్ను మినహాయింపు.

మిసిసిపీలో హోమ్స్ కౌంటీ అని ఒకటుంది. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే ప్రభుత్వ బడిలో కూర్చోబెట్టాలని కోర్టు చెప్పిన మొదటి ఏడాదిలో ఆ కౌంటీ ప్రభుత్వ బడుల్లో తెల్లపిల్లల సంఖ్య 771 నుంచి 28కి పడిపోయింది. మరుసటేడు సున్నా. పిల్లలు మాయమైపోలేదు, కొత్తగా వెలిసిన ప్రైవేటు బడుల్లోకి వెళ్ళారు. తెల్లవాళ్ళకి మాత్రమే ప్రవేశం ఉన్న ఈ అకాడమీలకి పన్ను మినహాయింపు ఎందుకివ్వాలని కొందరు నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1971లో గ్రీన్ వర్సెస్ కానలీ తీర్పులో వాళ్ళే గెలిచారు. ఆ సూత్రం పట్టుకుని పన్నుల శాఖ 1976లో దక్షిణ కరోలైనాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ మినహాయింపు రద్దు చేసింది. 1978లో అన్ని ప్రైవేటు బడులకీ కొత్త నిబంధనలు తెస్తామనేసరికి పన్నుల శాఖకి లక్షకు పైగా ఉత్తరాలు వచ్చి పడ్డాయి. గర్భస్రావం మీద, బూతు సినిమాల మీద, బడిలో ప్రార్థన మీద అంతకుముందు ఎంత ప్రయత్నించినా ఇవాంజెలికల్ పాస్టర్లని కదిలించలేకపోయానని, ఈ పన్ను గొడవే వాళ్ళని కదిలించిందని తర్వాత రోజుల్లో వైరిక్కే చెప్పుకున్నాడు. ర్యాండల్ బామర్ అనే చరిత్రకారుడు దీన్ని వివరంగా రాశాడు. ఆయనతో అందరూ ఏకీభవించరు. గర్భస్రావం మీద అయిష్టత ఇవాంజెలికల్స్‌లో 70ల మధ్యనుంచే పెరుగుతూ వచ్చిందనేవాళ్ళున్నారు, అందులోనూ నిజముంది. కానీ బాప్టిస్టుల తీర్మానం దాదాపు పూర్తి నిషేధం కోరేదిగా మారింది 1980లో, ఆ డాలస్ సభ జరిగిన ఏడాదిలోనే. ముందు సైన్యం తయారైంది, తర్వాత జెండా మీద బొమ్మ తేల్చుకున్నారు.

బాబ్ జోన్స్ వాళ్ళ గొడవ ఏమిటో మన తెలుగువాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నల్లవాళ్ళని చేర్చుకోవాల్సి వచ్చాక కూడా ఒక నియమం మాత్రం వదల్లేదు: జాతి దాటి ప్రేమలూ పెళ్ళిళ్ళూ కుదరవు. అది తమ మతవిశ్వాసమని సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వాదించారు. 1983లో 8-1 తేడాతో ఓడిపోయారు. ఆ నియమాన్ని ఎత్తేసింది 2000లో. ఒకే బెంచీ మీద కూర్చోనిస్తాం గానీ పిల్లనిచ్చిపుచ్చుకోవడాలు మాత్రం కుదరవు, ఇది దేవుడు పెట్టిన కట్టుబాటు. ఈ వాక్యాన్ని మనం ఎక్కడ విన్నామో నేను చెప్పను. "వాళ్ళూ మనలాంటివాళ్ళే" అనే మాటలో నాకు సత్యం కనబడే చోటు ఇదొక్కటే.

నా వృత్తివల్ల కాబోలు, ఈ కథలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ప్రవచనాలు కావు, డేటాబేసు. రిచర్డ్ విగరీ అనే టెక్సస్ కుర్రాడు 1964 ఎన్నికల తర్వాత, బారీ గోల్డ్‌వాటర్‌కి చందాలిచ్చినవాళ్ళ పేర్లు వాషింగ్టన్‌లో ప్రభుత్వ రికార్డుల్లో ఉంటాయని తెలుసుకుని, కూర్చుని చేత్తో ఎత్తి రాయించాడు. 12,000కు పైగా పేర్లు. తర్వాత వాటిని మాగ్నెటిక్ టేపుల మీదికి ఎక్కించాడు. ఎవరికి ఏ విషయం మీద కోపం వస్తుందో, ఏ ఉత్తరానికి ఎవరు చెక్కు పంపుతారో దాన్లో నమోదవుతూ పోయింది. 1979లో జెర్రీ ఫాల్వెల్ ముందుండి, వైరిక్ వెనకుండి 'మోరల్ మెజారిటీ' మొదలెట్టేసరికి ఈ యంత్రాంగం సిద్ధంగా ఉంది. ఇప్పుడు మన ఫోన్లు చేసే పనే అది. ఒక మనిషికి దేని మీద ప్రేమ ఉందో తెలుసుకోవడం కష్టం, దేని మీద కోపం ఉందో తెలుసుకోవడం తేలిక, అమ్ముకోవడం ఇంకా తేలిక.

అలాంటి యంత్రానికి భక్తి కొలమానం కాదు. 1980లో ఎవరి మధ్య పోటీ? జిమ్మీ కార్టర్ ఆదివారం బడిలో బైబిలు పాఠం చెప్పే బాప్టిస్టు, తిరిగి జన్మించిన క్రైస్తవుణ్ణని బాహాటంగా చెప్పుకున్న అధ్యక్షుడు, పెళ్ళాడిన ఒక్క భార్యతో జీవితాంతం ఉన్నవాడు. రీగన్ హాలీవుడ్ నటుడు, విడాకులు తీసుకున్నవాడు, కాలిఫోర్నియా గవర్నరుగా 1967లో గర్భస్రావ చట్టాన్ని సడలించే బిల్లు మీదా, 1969లో తప్పెవరిదో తేల్చకుండానే విడాకులిచ్చే చట్టం మీదా సంతకం పెట్టినవాడు. 'కుటుంబ విలువల' కూటమి రెండోవాణ్ణి ఎంచుకుంది. 2016లో దాదాపు 80 శాతం తెల్ల ఇవాంజెలికల్స్ ఎవరికి ఓటు వేశారో అందరికీ తెలుసు. దాన్ని కపటం అంటారు నా మిత్రులు. నాకది కపటంగా కనబడదు. ఒప్పందం అంటే అదే. జడ్జీల జాబితా ముందే చేతికిచ్చారు, ఓట్లు పడ్డాయి, జడ్జీలు వచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న రాజకీయ ఒప్పందాల్లో ఇదొకటని ఒప్పుకోవాలి. అందులో ఎవరి సంతకాలున్నాయో, ఎవరివి లేవో చూసుకోవాలి.

మా నాన్నకి వరసకి తమ్ముడయ్యే ఒకాయన ఇక్కడ ప్లేనోలో ఉంటారు. ముప్ఫై ఏళ్ళయింది వచ్చి. ఆయనతో ఈ విషయం మీద నాకు రెండు మూడు పండగ భోజనాలు పాడయ్యాయి. ఆయన వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

"నువ్వు చెప్పేదంతా పాతకథరా అబ్బాయ్. కేథలిక్కుల్ని కూడా ఒకప్పుడు గుమ్మం తొక్కనివ్వలేదు. ఇవాళ సుప్రీంకోర్టులో తొమ్మిదిమందికి ఆరుగురు వాళ్ళే. రేపు మన వంతు రాదని నీకెవడు చెప్పాడు?"

నిజమే. 1960లో కెనడీ పోటీ చేసినప్పుడు, పైన చెప్పిన క్రిస్వెల్లే ఇదే డాలస్‌లో కేథలిక్ అధ్యక్షుడు వద్దని ప్రసంగించాడు. దాన్ని లక్షల ప్రతులు అచ్చేసి పంచారు. కెనడీ హ్యూస్టన్ వచ్చి, నిండు సభలో పాస్టర్ల ముందు నిలబడి, తాను పోప్ మాట వినే అధ్యక్షుణ్ణి కానని చెప్పుకోవాల్సి వచ్చింది. 34 ఏళ్ళు తిరిగేసరికి, 1994లో, 'ఇవాంజెలికల్స్ అండ్ కేథలిక్స్ టుగెదర్' అని రెండు పక్షాల పెద్దలూ కలిసి ప్రకటన చేశారు. వలయం పెరిగిన మాట వాస్తవం.

"కేథలిక్కులు ఏం పట్టుకొచ్చారు బాబాయ్?" అన్నాను. దేశంలో అయిదోవంతు జనం వాళ్ళు. సొంత విశ్వవిద్యాలయాలు, సొంత ఆసుపత్రులు, న్యాయశాస్త్రంలో ఆరితేరిన మూడు తరాల మేధావులు. గర్భస్రావం మీద ముందే తయారుగా ఉన్న సిద్ధాంతం. అన్నిటికన్నా ముఖ్యం, అదే ఏసు, అదే బైబిలు. వైరిక్ కేథలిక్, విగరీ కేథలిక్. అంటే గుమ్మంలోకి రానివ్వడం కాదు, ఇల్లు కట్టిన మేస్త్రీలే వాళ్ళు. మనమో? ఒక శాతం చుట్టుపక్కల. మన దగ్గరున్నది చందా. చందా ఇస్తే ఫొటో వస్తుంది, అదీ ఫ్రేము కట్టించుకునే ఖర్చు మనదే.

బాబాయ్ నవ్వి, "ఫొటోలోంచే మొదలవుతుందిరా ఏదైనా" అన్నారు. పిన్ని పెరుగు వడ్డించడానికి వచ్చి వాదన ఆపించింది.

సరే, ఇప్పటి సంగతే చూద్దాం. 2024 ఆగస్టులో హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో అష్టలక్ష్మి గుడి ఆవరణలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం వెలిసింది. చినజీయర్ స్వామి సంకల్పం, మనవాళ్ళ చందాలు. మరుసటేడు సెప్టెంబరులో, టెక్సస్ నుంచి సెనేట్‌కి రిపబ్లికన్ టికెట్ ఆశిస్తున్న ఒకాయన ఆ విగ్రహం వీడియో పెట్టి, అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహాన్ని ఎందుకు ఉండనిస్తున్నాం, మనది క్రైస్తవ దేశం, అన్నాడు. దానికి ప్రమాణంగా నిర్గమ కాండం ఇరవయ్యో అధ్యాయం చూపించాడు: వేరే దేవుడు ఉండకూడదు, విగ్రహం చేసుకోకూడదు.

"ఎవడో ఓట్ల కోసం వాగాడు, దాన్ని పట్టించుకుంటే ఎలా" అన్నారు మనవాళ్ళు. నేను పట్టించుకున్నది అతన్ని కాదు, ఆ రెండు వాక్యాల్ని. ఎందుకంటే అంతకు మూడు నెలల ముందే, 2025 జూన్‌లో, టెక్సస్ గవర్నరు సెనేట్ బిల్లు 10 మీద సంతకం పెట్టారు. ప్రతి ప్రభుత్వ బడిలో ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞల పోస్టరు ఉండాలి. కనీసం 16 అంగుళాలు బై 20 అంగుళాలు. గదిలో ఎక్కడ కూర్చున్నా చదవగలిగేలా. పాఠం ఏమిటో కూడా చట్టంలోనే రాసేశారు. అందులో మొదట్లోనే ఉన్నవి ఆ రెండే: వేరే దేవుళ్ళు వద్దు, విగ్రహాలు వద్దు. యూదుల లెక్క వేరు, కేథలిక్కుల లెక్క వేరు. గోడకెక్కింది మాత్రం ప్రొటెస్టంట్ల వాక్యం. మనవాళ్ళు నిరాధారమని కొట్టేసిన ఆ అభ్యర్థి మాటకి ఆధారం రాష్ట్ర ప్రభుత్వం తరఫున గోడ మీద ఉంది.

కెంటకీలో ఇలాంటి చట్టాన్నే 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి కోర్టు వేరు, ఇప్పటి కోర్టు వేరు. ఆ తేడా కోసమే ఆ 49 ఏళ్ళ శ్రమ. 2025 ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో పోస్టర్లు పెట్టకుండా ఆపారు. ఆ కేసు వేసిన కుటుంబాల్లో యూదులున్నారు, క్రైస్తవులున్నారు, ఏ మతమూ లేనివాళ్ళున్నారు, హిందువులూ ఉన్నారు. కేసులో లేని డిస్ట్రిక్టులన్నీ చట్టాన్ని పాటించి తీరాలని రాష్ట్ర అటార్నీ జనరల్ వెంటనే ఉత్తర్వులాంటి ప్రకటన ఇచ్చారు. మన సంఘాలు ఆ ఏడాది దీపావళి మేళాకి రాజకీయ నాయకుల్ని పిలిచి శాలువాలు కప్పాయి. పోస్టరు మాట నేను వెళ్ళిన మేళాలో ఒక్కరూ ఎత్తలేదు.

ఇక ఆ కూటమి లోపల మనవాళ్ళు చేరుకున్న అత్యున్నత స్థానం ఏది? ఉపాధ్యక్షుడి ఇల్లు. ఉషా చిలుకూరి వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు. 2024లో ఆ ఊళ్ళో పూజలు చేసి సంబరపడ్డారు, తప్పేం లేదు. 2025 అక్టోబరులో మిసిసిపీ విశ్వవిద్యాలయం సభలో ఒకమ్మాయి మతాంతర వివాహం గురించి అడిగితే, తనను చర్చిలో కదిలించినది ఏదో ఒకరోజు తన భార్యనీ కదిలిస్తుందని ఆశిస్తున్నానని జె. డి. వాన్స్ చెప్పారు. కదిలించకపోయినా దేవుడు ప్రతి మనిషికీ స్వేచ్ఛ ఇచ్చాడు, తనకి ఇబ్బంది లేదని కూడా అన్నారు. ఆమెకి మతం మార్చుకునే ఆలోచన లేదని తర్వాత వివరణ ఇచ్చారు. ఆ ఇంటి సంగతి ఆ ఇద్దరిదీ, నాకు సంబంధం లేదు. నాకు సంబంధం ఉన్నది ఆ సభ. భార్య తన దారికి వస్తుందన్న ఆశని వేలమంది ముందు చెప్పుకోవలసిన అవసరం ఆ కూటమిలో నాయకుడికి పడింది. 'ఆమె హిందువు, హిందువుగానే ఉంటుంది, మీకేమిటి అభ్యంతరం' అని అక్కడ నిలబడి అని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. పంక్తిలో అందరికంటే పై వరసలో కూర్చున్న తెలుగింటి ఆడపిల్ల పరిస్థితి అది.

ఇంత రాశాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. మా పక్కింటాయన బాప్టిస్టు డీకన్, డెబ్భై దాటినవాడు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి టెక్సస్ అంతా కరెంటు పోయినప్పుడు, మా పాపకి అప్పటికి ఏడాది, ఆయన కట్టెలూ నీళ్ళ సీసాలూ తనే మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. మూడు రోజులు వాళ్ళ గ్యాస్ పొయ్యి మీదే పాప పాలు కాచాం. ఏసు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన భక్తిని నేను అనుమానించను. పోస్టర్ల చట్టం వచ్చాక కంచె దగ్గర నిలబడి అడిగాను, దీని గురించి ఏమనుకుంటున్నారని. "మంచి మాటలేగా, ఎవరికి హాని?" అన్నాడు. మొదటి రెండూ మా ఇంట్లో దేవుడి గది గురించి చెప్తున్నాయి అన్నాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. నిజంగా ఆయనకి అది తట్టలేదు. తర్వాత, "నేనలా ఎప్పుడూ చదవలేదు" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆయన వేసే ఓటు మారలేదు, మారుతుందని నేను అనుకోలేదు. ఆయనకీ వైరిక్‌కీ తేడా ఇదే. ఆయన చూడలేదు. వైరిక్ లాంటివాళ్ళు చూసే చేశారు. ఆయన మంచితనం ఆ కూటమికి పెట్టుబడి అయింది గానీ, ఆ కూటమి మంచితనానికి అది రుజువు కాదు. 'మా పక్కింటివాళ్ళు ఎంత మంచివాళ్ళో' అంటూ మనవాళ్ళు చేసే వాదనంతా ఈ రెంటినీ కలిపేసి చేసేదే.

ఆ మాటకొస్తే ఈ బేరంలో క్రైస్తవానికి మాత్రం ఏం మిగిలింది? ప్యూ సర్వేల్లో 2007లో అమెరికన్లలో 78 శాతం తాము క్రైస్తవులమని చెప్పారు. 2023-24 సర్వేలో 62 శాతం. కారణాలు చాలా ఉంటాయి. కానీ చర్చికి దూరమైనవాళ్ళలో ఒక భాగం దేవుడి మీద అలిగి కాక, చర్చి ఒక పార్టీ ఆఫీసులా మారిందని విసిగి వెళ్ళారని మైకేల్ హౌట్, క్లాడ్ ఫిషర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 2002లోనే రాశారు. సుప్రీంకోర్టు వచ్చింది, పిల్లలు వెళ్ళిపోయారు. మా డీకన్‌గారి ముగ్గురు పిల్లల్లో చర్చికి వెళ్ళేది ఒక్కరే.

ఇదంతా చదివి "అద్భుతంగా చెప్పావు, వీళ్ళు ఇంతే" అనబోయే తెలుగువాళ్ళు కొందరుంటారు. వాళ్ళతోనూ నాకో పేచీ ఉంది. ఫ్రిస్కోలో తరగతి గది గోడ మీద మెజారిటీ మతం వద్దనేవాళ్ళు, సొంతూళ్ళో ప్రభుత్వ బడిలో మెజారిటీ మతాన్ని సంస్కృతి అంటారు. అక్కడ ఆ గదిలో కూర్చున్న క్రైస్తవుల పిల్ల, ముస్లింల పిల్లవాడు, ఇక్కడ మన పిల్లల్లాగే తలొంచుకుని కూర్చుంటారు. విమానం దిగగానే మారిపోయేదాన్ని సూత్రం అనరు, వీసా స్టేటస్ అంటారు.

నేను ఈ పత్రికకి మామూలుగా రాసేది కథల గురించి. కాబట్టి ఒక పక్కమాట. టెక్సస్ తెలుగు జీవితం మీద వచ్చిన కథలు నేను చాలానే చదివాను. గ్రీన్‌కార్డు, డేకేర్, ఇండియాలో ఒంటరైన అమ్మానాన్న, రెండో తరం పెళ్ళిళ్ళు. స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్ళిన పాత్ర నాకు ఒక్కటి కూడా తగల్లేదు. మన జీవితంలో లేనిది కథలోకి ఎక్కడినుంచి వస్తుంది?

వాళ్ళు మాత్రం వెళ్తారు. డాలస్ పక్కన గ్రేప్‌వైన్‌లో పేట్రియాట్ మొబైల్ అని ఒక సెల్‌ఫోన్ కంపెనీ ఉంది, తమది క్రైస్తవ కంపెనీ అని చెప్పుకుంటుంది. 2022 వసంతంలో దాని రాజకీయ విభాగం చుట్టుపక్కల నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల్లో 11 మంది అభ్యర్థుల కోసం దాదాపు ఆరు లక్షల డాలర్లు ఖర్చు పెట్టింది. 11 మందీ గెలిచారు. వైరిక్ సూత్రమే మళ్ళీ: వేసేవాళ్ళు ఎంత తక్కువైతే అంత పట్టు. స్కూల్ బోర్డు ఎన్నికంటే అందరికంటే తక్కువమంది వచ్చే ఎన్నిక. పోస్టర్లతో పాటే వచ్చిన సెనేట్ బిల్లు 11 ఇంకో పని పెట్టింది. బడిలో ప్రార్థనకీ బైబిలు పఠనానికీ రోజూ ఒక సమయం కేటాయించాలా వద్దా అని ప్రతి బోర్డూ 2026 మార్చి 1లోగా పేరుపేరునా ఓటు వేసి తీరాలని గడువు పెట్టింది. ఎవరు ఎటు చెయ్యెత్తారో రికార్డులో ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు.

బోర్డు మీటింగ్‌లో ఎవరైనా పేరు రాయించుకుంటే మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలిస్తారు. ఓటు వేయాలంటే సిటిజెన్ అయి ఉండాలి గానీ, అక్కడ మాట్లాడటానికి ఎవరూ వీసా అడగరు. ఇక్కడ బోర్డు ఎన్నికలు ఎక్కువగా మే నెల మొదటి శనివారం జరుగుతాయి. ముందస్తు ఓటింగ్ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది, మా పోలింగ్ కేంద్రం గుడికి వెళ్ళే దారిలోనే, లైబ్రరీలో. మా వీధిలో పదకొండు తెలుగు ఇళ్ళున్నాయి. ఆరిళ్ళలో సిటిజెన్లున్నారు. ప్రస్తుతానికి వాళ్ళందరి తలుపులూ తడుతున్నాను. ఇద్దరు వస్తామన్నారు.